గంట మోగకముందే తవ్విన గొయ్యి

ఉయ్యూరుకు నాలుగు మైళ్ళ దూరంలో, పుల్లేరు కాలవ గట్టు పక్కన మా క్రైస్తవుల సమాధుల తోట ఉంది. ముప్పై ఏళ్ళుగా అందులో గోతులు తవ్వేది ఇశ్రాయేలే. మామూలు రోజుల్లో చెరుకు నరకడానికో గట్లు చెక్కడానికో వెళతాడు. ఎవరైనా పోయారని తెలిస్తే పలుగూ పారా భుజాన వేసుకొని వచ్చేస్తాడు. పని అయ్యాక పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, "అడుగున ఒక్క రాయి కూడా లేదండి, మెత్తగా చదును చేశాను" అని చెప్పి వస్తాడు. అలా చెప్పమని అతనికి ఎవరూ నేర్పలేదు.

తండ్రి నేర్పింది ఒక్కటే. చావు కబురు చెప్పే చర్చి గంట మోగాకే పార ఎత్తాలి. ముందే తవ్వితే గొయ్యి ఆకలిగొంటుంది. ఎవరికోసం తవ్వారో వాళ్ళు రాకపోతే, తవ్వినవాడి గడప తొక్కుతుంది. ఇశ్రాయేలు ఆ మాటను నమ్మానని ఎప్పుడూ అనలేదు. అలాగని ఎప్పుడూ తప్పనూ లేదు.

ఈ ఏడాది, ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు బుధవారం తప్పాడు. మా బళ్ళో ముప్పై మూడేళ్ళు చదువు చెప్పిన జీవరత్నం పంతులమ్మ గారు విజయవాడ ఆసుపత్రిలో ఉన్నారు. మధ్యాహ్నం ఆవిడ మేనల్లుడు ఫిన్నీ ఫోను చేశాడు.

"డాక్టర్లు ఆశ లేదన్నారు బాబాయ్. ఈ పూటో, రేపో. రేపు పదకొండుకల్లా కార్యక్రమం అయిపోవాలి. గొయ్యి తీసేసి ఉంచు."

గంట మోగలేదు. ఇశ్రాయేలు మర్నాడు పొద్దున్నే భార్య హన్నాను గుండె పరీక్షకు విజయవాడ తీసుకెళ్ళాలి. ఈ రోజే పని తెమిలితే ఆమెను ఒంటరిగా పంపక్కర్లేదు. నల్లరేగడి ఎండకు బండబారి ఉంది. పొద్దు గుంకేసరికి తవ్వడం పూర్తిచేశాడు.

పంతులమ్మ గారు పోలేదు. తెల్లవారి కళ్ళు తెరిచి కాఫీ అడిగారు.

అదే రోజు హన్నాను చూసిన డాక్టరు గుండెలో కవాటం మూసుకుపోతోందని, రెండు వారాల్లో ఆపరేషను చేయాలని చెప్పి, ఇశ్రాయేలు ముందు కాగితం పెట్టాడు. "ప్రమాదం ఉంది. చేయకపోతే ఇంకా ప్రమాదం. ఇక్కడ సంతకం పెట్టండి." ఇశ్రాయేలు కలం పట్టుకున్నాడు. ఆ క్షణాన ఫిన్నీ నుంచి ఫోను వచ్చింది. "అత్తయ్య లేచి కూర్చుంది బాబాయ్." ఇశ్రాయేలు కలం బల్ల మీద పెట్టేసి, హన్నా చెయ్యి పట్టుకొని బస్సెక్కాడు.

గొయ్యి అలాగే ఉండిపోయింది. ఆ వారంలోనే ఊళ్ళో ఆసామి పూర్ణచంద్రరావు గారి చూడిగేదె గట్టు జారి ఎండిన కాలవలో పడి చచ్చిపోయింది. చెరుకు ట్రాక్టరు తిరగబడి డ్రైవరు కాలు విరిగింది. బడికెళ్ళే పిల్లల్ని తల్లులు ఆ గట్టు మీదుగా పంపడం మానేశారు. "నోరు తెరుచుకొని కూర్చుందమ్మా" అని మణెమ్మ కుళాయి దగ్గర అంటే, వద్దని వారించినవాళ్ళు లేరు. ఇశ్రాయేలు రోజూ వెళ్ళి చూసేవాడు. అంచులు విరిగి పడుతూ గొయ్యి వెడల్పవుతోంది. కాలవకు నీళ్ళు కట్టేసి ఎన్నాళ్ళో అయినా అడుగున బెత్తెడు నల్లటి నీళ్ళు ఊరాయి. వంగి చూస్తే అందులో తన ముఖమే కనిపించేది.

ఇంట్లో హన్నాకు పాదాలు వాచిపోయాయి. పడుకుంటే ఊపిరి ఆడదు. గోడకు ఆనుకొని కూర్చునే కునుకు తీస్తోంది. అయినా పక్కింటి బాలింతకు రోజూ వేణ్ణీళ్ళు కాచి ఇస్తూనే ఉంది.

కూతురు వినీల విజయవాడ బెంజి సర్కిల్లో బట్టల కొట్లో పనిచేస్తుంది. రోజుకు రెండుసార్లు ఫోను చేసేది.

"నాన్నా, ఒక్క సంతకం. నేను పెడతానంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. మీ నాన్న సరేననకుండా బల్లెక్కనంటోంది."

"ఆ గోతి సంగతి తేలనీ అమ్మా."

"గోతికీ అమ్మ గుండెకీ ఏంటి సంబంధం? ఇక్కడ రోడ్డంతా గోతులే. ఇంకెంతమంది పోవాలి మరి?"

ఇశ్రాయేలు నవ్వలేదు. "గంటకు ముందే తవ్వింది నేను కదమ్మా" అన్నాడు. "నా వీలు చూసుకొని తవ్వాను."

శుభ శుక్రవారం నాడు పాస్టరు గారు భయపడకండని గంటసేపు ప్రసంగించారు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం సమాధుల తోట దారి వదిలేసి చుట్టూ తిరిగి వెళ్ళారు. సంఘ పెద్దలు ఇశ్రాయేలును పిలిచి, ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో తోటకు వస్తారు కాబట్టి శనివారంలోగా పూడ్చేయమన్నారు. ఊరికే పూడ్చితే దాని ఆకలి తీరదని అతని భయం. పూర్ణచంద్రరావు గారికి సంగతి తెలిసి, తన తోటలో అరటి చెట్టు కొట్టించి బొంద ఇచ్చారు.

"మావాళ్ళు ఇలాంటప్పుడు ఇది పాతిపెడతారు ఇశ్రాయేలూ. మనిషికి బదులన్నమాట. నీకు తప్పనిపిస్తే వద్దులే. హన్నమ్మ మా పిల్లల్ని ఎత్తుకొని పెంచింది. నాకూ భయంగానే ఉంది."

శనివారం మూడింటికి ఇశ్రాయేలు ఆ బొందను భుజాన వేసుకొని తోటకు వచ్చాడు. సమాధులకు సున్నం వేసినవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. గొయ్యి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో జీవరత్నం పంతులమ్మ గారు కూర్చుని ఉన్నారు. గట్టు మీద ఫిన్నీ ఆటో ఆగి ఉంది.

"రారా. నా గొయ్యి చూద్దామని వచ్చాను. కొలత సరిగ్గా తీశావా? నేను పొడగరిని."

"తీశానండి" అన్నాడు ఇశ్రాయేలు.

"ఆ భుజం మీదదేంటి?"

అతను చెప్పాడు. గంట సంగతి, తండ్రి మాట, హన్నా కాగితం, అన్నీ చెప్పాడు. చెబుతూ చెబుతూ బొందతో సహా కింద కూలబడ్డాడు. పంతులమ్మ గారు మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"ఇది ఎవరికోసం తవ్వావు?"

"మీకోసమేనండి."

"అయితే ఇది నాది. నాది నేను ఎవరికీ ఇవ్వను. ఇందులోకి హన్నా రావాలంటే నన్ను అడగాలి. నేను ఒప్పుకోను." ఆవిడకు ఆయాసం వచ్చి కాసేపు ఆగారు. "రేపు తెల్లారుజామున ఇక్కడికొచ్చి ఏం పాడతాంరా మనం? ప్రభువు సమాధి ఖాళీగా ఉందనేగా? ఆడవాళ్ళు వెళ్ళి చూస్తే లోపల ఎవరూ లేరనేగా? ఏడాదికోసారి గొంతు చించుకొని పాడతాం. ఖాళీ గొయ్యి కనిపిస్తే మాత్రం అరటి బొంద తెచ్చుకుంటాం."

"హన్నా బతుకుతుందంటారా పంతులమ్మ గారూ?"

ఆవిడ గోతిలో నల్లటి నీళ్ళకేసి చూశారు.

"నాకు తెలీదు. తెలిసినట్టు చెబితే పాపం. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో మాత్రం నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆసుపత్రిలో ఆ రాత్రి నేనూ చాలా భయపడ్డాను. ప్రభువా, చెయ్యి వదలకు అని ఒక్కటే అడిగాను. బతికించమని అడగడానికి కూడా ఓపిక లేదు. వదల్లేదురా. పోయినా వదిలేవాడు కాదు. నా దగ్గర ఉన్నది అంతే."

ఇశ్రాయేలు బొందను ఈడ్చుకెళ్ళి కంచె అవతల పడేశాడు. ఆ రోజు గొయ్యి పూడ్చలేదు. పెద్దలు కేకలేస్తే, "పంతులమ్మ గారిదండి అది, ఆవిడ వద్దన్నారు" అన్నాడు. ఆవిడతో వాదించే ధైర్యం పెద్దల్లో ఎవరికీ లేదు. వాళ్ళందరికీ ఎక్కాలు చెప్పింది ఆవిడే.

ఈస్టరు నాడు ఇంకా మసక చీకటి ఉండగానే జనం పాడుతూ వచ్చారు. గొయ్యి చుట్టూ మూడు గజాల మేర ఎవరూ నిలబడలేదు. హన్నా మెల్లగా నడిచి వచ్చి, అంచు దాకా వెళ్ళి లోపలికి తొంగి చూసింది. ఇశ్రాయేలు గబుక్కున ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"నాకు భయం లేదని కాదయ్యా" అంది హన్నా. ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటోంది. "భయంతోనే వెళదాం."

అతను కొవ్వొత్తి వెలిగించి, గోతి అంచున మట్టిలో గుచ్చాడు.

మంగళవారం పొద్దున విజయవాడలో ఇశ్రాయేలు సంతకం పెట్టాడు. అక్షరాలు గీత దాటాయి. హన్నాను లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. పది దాటింది. పన్నెండు దాటింది. ఒకసారి ఇద్దరు డాక్టర్లు పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళారు. ఎవరికోసమో ఎవరూ చెప్పలేదు. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. 'చెయ్యి వదలకు' అన్నది ఒక్కటే లోపల తిరుగుతోంది.

పక్కన కూర్చున్న అమ్మాయి మెడలో పసుపుతాడు, చేతిలో పెరుగన్నం పొట్లం. అతను పొద్దుటినుంచీ ఏమీ తినలేదని గమనించినట్టుంది. సగం ఆకులో వేసి చేతికిచ్చింది. "తినండి బాబాయ్ గారూ. వాళ్ళు బయటికొచ్చేసరికి మనం పడిపోకూడదు."

మూడున్నరకు నర్సు తలుపు తీసి, "హన్నా తాలూకు ఎవరండీ?" అని పిలిచింది. ఇశ్రాయేలు లేచాడు. నర్సు దగ్గరికి వచ్చింది.

"ఆపరేషను అయిందండి. మధ్యలో కొంచెం ఇబ్బందైంది, సర్దుకుంది. కళ్ళు తెరిచారు. మూడు రోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేం."

మెట్ల దగ్గర నిలబడి, కొట్లో సెలవివ్వక రాలేకపోయిన వినీలకు ఫోను చేశాడు.

"నాన్నా? నాన్నా, మాట్లాడు."

"కళ్ళు తెరిచింది" అన్నాడు. "మూడు రోజులు గడవాలంట."

"గడుస్తాయి నాన్నా" అంది వినీల ఏడుస్తూ.

తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి తలుపుకేసి చూస్తూ అలాగే కూర్చుని ఉంది. వాళ్ళాయనను పొద్దున ఏడింటికే లోపలికి తీసుకెళ్ళారట. ఇంతవరకూ కబురు లేదు.

"మీరు ప్రార్థన చేసుకునేవాళ్ళు కదండీ" అంది అతనివైపు చూడకుండా. "మా ఆయన కోసం కూడా ఒక మాట చెబుతారా?"

ఇశ్రాయేలు ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఆయన పేరేంటమ్మా?"

"సాయిగణేష్ అండీ."

అతను తల వంచి కళ్ళు మూసుకున్నాడు.