మసక కాగితం మన తలుపుకు

మొన్న బెల్లంపల్లి బస్సు కండక్టరు మా పంచాయతీ సమితి ఆఫీసు వరండాలోకి వచ్చి, "మీ పాత హెడ్ క్లర్కు సారు పోయిండట, పొద్దుగాల్నే" అని చెప్పి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు. రిటైరయ్యాక సారు అక్కడే కొడుకు దగ్గర ఉంటున్నారు. ఎవరి బల్ల దగ్గరికి వాళ్లం వెళ్లాం.

ఆయన నవ్వగా నేను పెద్దగా చూడలేదు. ఎవరినీ మెచ్చుకోగా అసలే వినలేదు. ఆయన ధ్యాసంతా మూలనున్న, కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషిను మీదే. తెలుగు టైపు మిషిను మాకు లేదు కనుక, మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనుప కలంతో నోటీసులు ఆయనే రాసేవారు. ఉర్దూలో చదువుకున్న మనిషి. తెలుగు మెల్లగా, గుండ్రంగా రాసేవారు. కానీ ఏ గుండ్రాన్నీ పూర్తిగా మూసేవారు కాదు. "మూస్తె నడిమి ముక్క ఊడిపడ్తది. సిరా కారి నల్ల మచ్చయితది" అనేవారు.

మిషిను మొండికేస్తే మేమంతా దాన్ని తిట్టేవాళ్లం, గుద్దేవాళ్లం కూడా. ఆయన వచ్చి, "మిషిన్ల ఏం లేదు. ముందుగాల కాయితం జూడుండ్రి, ఆనక సిరా జూడుండ్రి" అనేవారు. వినీ వినీ చిరాకు పుట్టేది. అదే నిజమయ్యేసరికి ఇంకా చిరాకు.

ఇంకో పద్ధతి ఉండేది. హ్యాండిల్ తిప్పగానే ముందు వచ్చే కాపీలు మసకగా ఉంటాయి. మామూలుగా ఏ ఆఫీసులోనైనా అవి ఊళ్లకు పోతాయి, సాఫుగా వచ్చినవి ఆఫీసులో ఉంటాయి. మా సారు దాన్ని తిరగేశారు. మసకది మా తలుపుకే అంటించేవారు.

ఒక వానాకాలం వాగు అవతలి ఊళ్లలో కలరా తగిలింది. నీళ్లు కాచి తాగమని నోటీసు. ఊరి పంతులు చదివితే దండోరా వేస్తారు. సాయంత్రం బస్సు తప్పితే వాగు పొంగి దారి మూసుకుపోతుంది. నన్ను కన్న అవ్వ, తమ్ముడు అవతలి ఊళ్లోనే ఉన్నారు.

మిషిను ఆ రోజే మొరాయించింది. తడి గాలికి కాగితాలు ఒకదానికొకటి అంటుకుని, సగం తెల్లగానే వస్తున్నాయి. సారు కట్టను బొగ్గుల కుంపటి మీద పట్టుకుని, పేకముక్కల్లా విప్పుతూ ఆరబెట్టారు. బయట బస్సు హారన్ కొడుతోంది. మళ్లీ తిప్పగానే వచ్చిన మసక కాగితం లాక్కుని నేను పరుగెత్తబోయాను.

"ఆగు. గది మన తలుపుకు."

"సార్, మా అవ్వ గాడనే ఉన్నది. బస్సు పోతది."

"గందుకే ఆగుమంటున్న. సదివెటోడు తడబడితె వినెటోడు నమ్మడు. మీ అవ్వకు సాఫ్ కాయితం పోవాలె."

ఆయన్ని కొట్టాలనిపించింది. ఆయన మాత్రం డ్రమ్ము అంతటా సిరా సర్ది, నిదానంగా తిప్పారు. మా బంట్రోతు పోయి "జర ఆగు" అంటూ బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. సాఫ్ కాగితాలు ఎక్కాయి, బస్సు వాగు దాటింది.

మా ఊళ్లో కలరాతో కొందరు పోయారు. అవ్వ, తమ్ముడు నీళ్లు కాచుకునే తాగారు. అవ్వ ఇప్పటికీ నన్ను తిడుతూ బాగానే ఉంది. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను. ఇంతకు మించి చెబితే ఆయనకే నచ్చదు.

సంతాప సభ నోటీసు నేనే రాశాను, గుండ్రాలు మూయకుండా. సాఫుగా వచ్చినవి బస్సులో ఊళ్లకు పోయాయి. ముందు వచ్చింది మా తలుపు మీద ఉంది. సిరా అందక ఆయన పేరు సగమే పడింది. వచ్చినవాళ్లు దగ్గరగా వంగి చదువుకుంటున్నారు.