సెట్టుకు ఆయుధపూజ

మా ఇంట్లో పాట కావాల్సింది నాకు. టేప్‌రికార్డరు కొన్నది మాత్రం మా ఇంటాయన. ఈ రెండు ముక్కలు ముందే చెప్పేస్తే మిగతాదంతా మీకు సులభంగా అర్థమైతుంది.

మాది హొళగుంద పక్క ఊరు. మా నాయన గుడి సేవలో ఉండేవాడు. తెల్లారేసరికి తానం చేసి కన్నడంలో దాసర పదాలు, అంటే హరిదాసుల పాటలు, ఎత్తుకుంటే, నేను పక్కన కూర్చొని అందుకునేదాన్ని. పెండ్లయి ఎమ్మిగనూరు వచ్చిన వారానికి, పొయ్యి కాడ కూర్చొని ఏదో కూనిరాగం తీసినా. నడవలో ఉన్న మా మామ రెండుసార్లు దగ్గినాడు. ఆయనకు జలుబూ లేదు, గిలుబూ లేదు. ఆ దగ్గుతో నా పాట ఆగిపోయింది. ఇంట్లో రేడియో ఉండేది గానీ అది ఆయన తలాపున ఉండేది. వార్తలు, వాన కబుర్లు, శెనక్కాయల ధరలు అయిపోతానే దాని చెవి మెలిపెట్టి ఆపేసేవాడు. మా అత్తకు చెవుడు. ఆ ఇంట్లో సుఖపడిన మనిషి ఆమె ఒక్కతే.

ఎనభైల మొదట్లో మా ఆయన "స్టీరియో సెట్టు కొందాం" అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నేనేమీ గొంతెమ్మ కోరికలు కోరలేదు. మధ్యాహ్నం ఆయన బడికి, మామ తన పింఛను స్నేహితుల కాడికి పోయినాక, గిన్నెలు కడిగేసి, కొంగు పరుచుకొని పండుకొని, ఒక పాట వినాల. అంతే.

మా ఆయన హైస్కూల్లో అయ్యవారు. సెట్టు కొనాలని ఆయనకు బుద్ధి పుట్టింది పాట మీద ప్రేమతో కాదు, తన పక్క గదిలో లెక్కలు చెప్పే అయ్యవారు ఒకటి కొన్నాడని. మూడు నెలలు ఎంపిక చేసినాడు. పెండ్లిచూపులకు వచ్చినప్పుడు నన్ను ఎంపిక చేయడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇప్పుడు మాత్రం ఎన్ని స్పీకర్లు, ఎన్ని మీటలు, పాటకు ఎగిరే ఎర్ర దీపాలు ఎన్ని, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. "బరువు సూడాలప్పా, బరువుంటేనే సరుకు" అని మామ తన పాండిత్యం కొంచెం కలిపినాడు. గొంతు ఎట్ల వినపడుతుందని ఒక్కరూ రాసుకోలేదు.

కొనే రోజు ఆదోనికి నన్నూ తీసుకపోయినారు, చీరలు కూడా చూడొచ్చని. అంగడాయన ఒక్కొక్క సెట్టే దించి "ఏక్‌దమ్ జపాన్ సార్" అంటాండాడు. మా ఆయన చెవులతో వినకుండా చేతులతో ఎత్తి ఎత్తి చూస్తాండాడు, సంతలో పొట్టేలును చూసినట్టు. నేను ఆగలేక అడిగినా, "అన్నా, మెల్లగా పెట్టుకుంటే మాట స్పష్టంగా వినపడుతుందా?" అని.

అంగడాయన నాకు జవాబు చెప్పలేదు. మా ఆయన వైపు తిరిగి, "ఇంత పెద్ద సెట్టు కొని మెల్లగా ఎందుకు పెడతారు సార్?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను చీరల అంగడి వైపు చూసుకుంటా నిలబడినా.

నాలుగు స్పీకర్లది, ఎత్తితే భుజం పడిపోయేది కొన్నారు. తిరుగు బస్సులో ఒకే సీటు దొరికింది. దాంట్లో సెట్టు కూర్చుంది. మా ఆయన దాని పక్కన నిలబడి పట్టుకున్నాడు. నేను ఆయన పక్కన నిలబడి కమ్మీ పట్టుకున్నా. ఎమ్మిగనూరు దాకా గుంతల రోడ్డు. "మెల్లగా పోనీప్పా" అని డ్రైవరును నాలుగుసార్లు బతిమాలినాడు, పాపం. పెండ్లయినాక ఆ రోడ్డు మీద నాకోసం ఒక్కసారి కూడా ఆ మాట అన్న గుర్తు లేదు.

పాటల జాబితా రాసిమ్మన్నాడు, అంగట్లో క్యాసెట్టుకు ఎక్కించుకొస్తానని. ఆశగా పన్నెండు పాటలు రాసిచ్చినా. క్యాసెట్టు వచ్చినాక చూస్తే అందులో నావి రెండే. "అవన్నీ ఏడుపు పాటలే, వినేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు. వినేవాళ్లెవరు అని అడగబోయి, సాయంత్రానికి నేనే తెలుసుకున్నా. సెట్టును ఎత్తుకపోయి వీధి తిన్నె మీద పెట్టినాడు, స్పీకర్లు వీధికి, వీపు మాకు. ఎదురింట్లో మగ్గాలు. ఆ చప్పుడును మించి వినపడాలని మీట చివరిదాకా తిప్పినాడు. మూడు ఇండ్ల అవతల వాళ్లకు పాట, మాకు గోడల అదురు. ఇదీ మా ఇంటి సంగీతం.

మధ్యాహ్నం నేను పెట్టుకుందామంటే గుడ్డ కప్పి బీరువాలో పెట్టి తాళం వేసి పోయేవాడు. "ఊరికే తిప్పితే దాని తల అరిగిపోతుంది" అంటాడు. నా తల అరిగిపోతాండేది మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇట్లా ఒక ఏడాది గడిచి దసరా వచ్చింది. దసరాకు మా పుట్టింటి పక్క దేవరగట్టులో కట్టెలతో తలకాయలు పగలగొట్టుకుంటారని మా అత్తింటోళ్లు నన్ను ఎక్కిరించేవాళ్లు. అట్లాంటి బుద్ధిమంతులు ఆ ఏడు ఆయుధపూజకు ఏం చేసినారో చూడండి. సైకిలు, కుట్టుమిషను, కత్తిపీట, ఇస్త్రీపెట్టె వరసగా పెట్టి, నడుమ పీట మీద సెట్టును కూర్చోబెట్టినారు. మామ మీటమీటకూ పసుపు, కుంకుమ పెట్టినాడు. అంతటితో ఆపినాడా? క్యాసెట్టు పెట్టే తలుపు తెరిచి, "పాడేది ఈడ గదా, అసలు సోటికే పెట్టకుంటే ఎట్ల?" అని, టేపు రాసుకొని తిరిగే ముక్కకు కూడా తడి కుంకుమతో ఇంత బొట్టు పెట్టినాడు.

"మామా, లోపల వద్దు" అన్నా.

"దేవుని పనిలో నోరు పెట్టొద్దు" అన్నాడు.

టెంకాయ కొట్టి ఆ నీళ్లు చల్లినారు. కర్పూరం దగ్గరగా తిప్పితే ఒక మూల ప్లాస్టిక్కు కరిగి ముడుచుకుంది. పూజ అయినాక మా ఆయన భక్తిగా మీట నొక్కినాడు. పాడే ఆయన గొంతులో జొన్నకంకి ఇరుక్కున్నట్టు ఒకటే గుర్రుగుర్రు. అందరి మొహాలూ మాడిపోయినాయి. మా ఆయన వోల్టేజీ తక్కువ అన్నాడు. మామ వీధి దిష్టి అన్నాడు, నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి సెట్టు పిడికి కట్టినాడు. పెట్టిన కుంకుమ సంగతి ఎత్తితే ఒట్టు! సెలవులు అయిపోయినాక ఆదోనికి తీసుకపోయి చూపించాలని తీర్మానించి, చెడిపోయిన దానికి తాళమెందుకని గూట్లో వదిలేసినారు.

ఆ ఒక్క మాటా నాకు కలిసొచ్చింది. సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు మధ్యాహ్నం సెట్టుతో ఇచ్చిన పుస్తకం తీసినా. పదో తరగతి దాకా చదివినదాన్ని, ఇంగ్లీషు కొంచెం కొంచెం పట్టుకోగలను. అక్షరాలు అర్థం కాని చోట బొమ్మలు ఉన్నాయి. మామ మోకాలి పుండుకు తెచ్చిన స్పిరిట్టు గూట్లో ఉంది. పుల్లకు దూది చుట్టి, తడిపి, లోపలి ముక్కను తుడిచినా. దూది ఎర్రగా వచ్చింది. ఇంకొకటి. అదీ ఎర్రగానే. ఆరో దూది తెల్లగా వచ్చేసరికి నాకు ఎంత సంబరమైందో చెప్పలేను.

పాత క్యాసెట్టు పెడితే గొంతు కడిగినట్టు వచ్చింది. మరి రికార్డు అయ్యేది కూడా బాగుందో లేదో చూడాల గదా! సెట్టుతో ఊరికే ఇచ్చిన ఖాళీ క్యాసెట్టు వేసి, ఎర్ర మీట, దాని పక్క మీట రెండూ కలిపి నొక్కినా. ఏమి మాట్లాడాలో తోచలేదు. మా నాయన పదం ఒకటి ఎత్తుకున్నా. మొదట భయంభయంగా వచ్చింది గొంతు. రెండో చరణానికి నేను ఎక్కడున్నానో మరిచిపోయినా. అత్త పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుకుంటాంది, ఆమెకు ఎట్లాగూ వినపడదు. ఆరేండ్ల తర్వాత నోరు తెరిచి పాడినా.

సాయంత్రం మా ఆయన వచ్చినాడు. "బాగయింది" అన్నా. ఎట్ల బాగయింది అని అడగాల్నా, వద్దా? "నేను సెప్పలా, వోల్టేజీ అని!" అన్నాడు. నేను బిందె తీసుకొని వీధి కొళాయికి పోయినా. క్యాసెట్టు అందులోనే ఉందన్న మాట నాకు తట్టలేదు.

బిందె సగం నిండింది. మా వీధిలో నా గొంతు వినపడింది.

"మీ ఇంటి కాడ ఎవురో పాడతాండారు సూడక్కా" అనింది పక్కన నిలబడినామె. బిందె నిండి కాళ్ల మీద పొర్లుతాంది. అట్లే ఎత్తుకొని ఇంటి దిక్కు నడిచినా. మా తిన్నె ముందర ఏడెనిమిది మంది నిలబడినారు. ఎదురింటి మగ్గాల ఆయన పని ఆపి వచ్చినాడు, ఆయన మగ్గం ఆపడం నేను చూసింది అదే మొదలు.

"ఎవురు సార్ ఈమె? గొంతు శానా బాగుంది" అన్నాడు.

మా ఆయన కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు. "కొత్త క్యాసెట్టప్పా. ఆదోనిలో ఎక్కించుకొచ్చినా. గొంతేముందిలే, మామూలు పాటకత్తే. అంతా సెట్టు మహిమ. ఈ మీట తిప్పితే బరువు, ఈ మీట తిప్పితే నునుపు. దీంట్లో పెడితే కాకి కూడా కోయిలే."

నేను బిందె సంకన పెట్టుకొని నిలబడే ఉండా. ఒళ్లంతా మండిపోయింది. ఆ మనిషి పక్కన ఆరేండ్లుగా కాపురం చేస్తాండా, నా గొంతు ఆయనకు తెలియదు. చరణం అయిపోయింది. తర్వాత సెట్టులోంచి, నాలుగు స్పీకర్లలోంచి, వీధి దద్దరిల్లేట్టు, "కరేపాకు వద్దమ్మా! నిన్నటిదే ఉంది, పోయిరా!" అని, మధ్యాహ్నం పాట నడుమ కరేపాకు అమ్మేయామెకు నేను వేసిన కేక వచ్చింది.

మగ్గాల ఆయన మెల్లగా తల తిప్పి నన్ను చూసినాడు. తర్వాత నవ్వులు మొదలైనాయి. మా ఆయన మీట మీద చెయ్యి వేసే తొందరలో ముందు పాటను ఇంకా పెద్దది చేసి, ఆనక ఆపినాడు.

ఇంట్లోకి వచ్చినాక మామ దగ్గలేదు, ఈసారి నోటితోనే అన్నాడు. "ఇంటి కోడలి గొంతు బజార్న పడిందే! ఇదేం మర్యాద?" మా ఆయన "రేపు దాని మీద వార్తలు ఎక్కిస్తా నాయనా, ఆ పాట తుడుసుకపోతుంది" అని తీర్పు చెప్పినాడు. బజార్న పెట్టింది ఎవరప్పా అని అడిగినోడు లేడు.

ఇద్దరికీ అన్నాలు వడ్డించినా. మజ్జిగ తెస్తానని లోపలికి వచ్చి పుస్తకం ఇంకొకసారి చూసినా. క్యాసెట్టు వీపున రెండు మూలలా రెండు చిన్న రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే ఇంక దాని మీద ఏమీ ఎక్కదు, ఎర్ర మీట కిందికి దిగనే దిగదు. సెట్టులోంచి క్యాసెట్టు తీసి, సైడుపిన్నుతో టిక్కుమని ఒకటి, టిక్కుమని ఇంకొకటి విరిచి, మళ్లీ లోపల పెట్టేసినా. తర్వాత మజ్జిగ పోసినా.

మరుసటి రోజు సాయంత్రం రేడియోలో వార్తలు మొదలైనాయి. మా ఆయన ఎర్ర మీట నొక్కినాడు. దిగలేదు. బొటనవేలితో నొక్కినాడు, రెండు బొటనవేళ్లతో నొక్కినాడు. మొహం మీటకన్నా ఎర్రగయింది. మామ పక్కన కూర్చొని, "ఇంకొకసారి పూజ సేద్దామా?" అన్నాడు, దేవుని సాక్షిగా. వార్తలు అయిపోయి శెనక్కాయల ధరలు వస్తాండాయి. అప్పుడు మా ఆయన తల ఎత్తి, "ఏమైందో సూడే దీనికి" అని నన్ను అడిగినాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"దానికేం కాలేదు. రెక్కలు నేనే విరిచినా. కుంకుమ తుడిచింది కూడా నేనే. ఆ పాట ఇంక పోదు. మీరు వింటే వినండి, లేకుంటే నాకియ్యండి."

మామ రేడియో వైపు తిరిగినాడు. మా ఆయన క్యాసెట్టు పెరికి నా ఒళ్లోకి విసిరినాడు. "నీ కరేపాకు నువ్వే పెట్టుకో" అన్నాడు. ఆ పొద్దు నుంచి బీరువాకు తాళం వేయలేదు.

తెల్లారి మధ్యాహ్నం గిన్నెలు కూడా కడగకుండా తలుపేసుకొని, సెట్టును నా దిక్కుకు తిప్పుకొని, మెల్లగా పెట్టుకున్నా. మాట మాటా స్పష్టంగా వినపడింది. వింటాంటే ఏడుపొచ్చింది. తర్వాత సిగ్గయింది. రెండు చోట్ల శ్రుతి తప్పింది, మూడో చరణం పైకి పోవాల్సిన చోట నేను కిందనే నిలబడిపోయినా. మా నాయన వినింటే తొడ మీద ఒకటి కొట్టేవాడు. వీధి వీధంతా నిలబడి మెచ్చుకున్నారు గానీ ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. సరిచేసి మళ్లీ పాడదామని ఎర్ర మీట నొక్కినా. దిగలేదు.

అత్తకు సైగ చేసి, చెప్పులేసుకొని, ఎండలో బజారుకు పోయినా. ఆ ఊరికి వచ్చినాక బజారుకు ఒంటిగా పోవడం అదే మొదలు.

"ఖాళీ క్యాసెట్టు ఒకటి ఇయ్యన్నా."

"అయ్యవారికేనామ్మా?" అన్నాడు అంగడాయన.

"కాదు, నాకు" అన్నా.