యక్కీకి అర్థం

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. పిల్లలు 'ఛీ' అంటే మా కరస్పాండెంట్‌కు తల కొట్టేసినట్టుండేది.

"ఛీ అంటే ఊరోళ్ల మాట మేడం. యక్కీ అననియ్యండ్రి. ఇంగ్లీషు మీడియమన్నట్టు తెలుస్తది," అన్నాడు.

బోర్డు మీద రాశాను. యక్కీ, అంటే అసహ్యంగా ఉంది. వారం తిరక్కుండానే పిల్లలకు కాకరకాయ యక్కీ, ఎక్కాలు యక్కీ, చివరికి పక్క బెంచీవాడూ యక్కీ. కరస్పాండెంట్ మురిసిపోయాడు.

ఆ నెల తల్లిదండ్రుల సమావేశానికి బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. బాయి దగ్గరే స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా నిలిచిపోయింది. ఆయన కూర్చోగానే, నా క్లాసులోనే చదివే కరస్పాండెంట్ కూతురు కుర్చీ దూరంగా జరుపుకొని "యక్కీ" అంది. నేర్పినదాన్ని నేనే. మార్కుల రిజిస్టరులో తల దూర్చాను.

"పాప ఏమన్నది సార్?" అని అడిగాడాయన.

"ఏం లేదన్నా. ఇంగ్లీషుల నమస్తే అన్నట్టు," అన్నాడు కరస్పాండెంట్, రెప్ప వేయకుండా.

బొగ్గుబాయి ఆయన కూతురూ అదే క్లాసు. ఆ పిల్ల తండ్రి చెవిలో ఏదో చెప్పింది. ఆయన నింపాదిగా విని, లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"యక్కీ సార్."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన నావైపు తిరిగాడు. "ఈ మాట యాడ పుట్టింది మేడం?"

ఇక దాచలేకపోయాను. "ఎవరు పుట్టించారో తెలియదన్నా. వాంతి వచ్చేటప్పుడు గొంతు చేసే చప్పుడే మాటయిందంటారు."

"గట్లనా," అన్నాడు ఆలోచిస్తూ. "మరి గిది నేర్పుడెందుకు? పాలు తాగే పోరి సుత అంటది గదా."

కూతురి చేయి పట్టుకొని వెళ్లిపోయాడు. క్షమించమని అడగడానికి గేటు దాకా వెళ్లాను. "మీరేం చేస్తరు మేడం, రాయమన్నది రాసిండ్రు," అన్నాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

సాయంత్రం కరస్పాండెంట్ పిలిపించాడు. "అర్థం చెప్పకుంటే అయిపోతుండె గదా?"

"అర్థం చెప్పడానికే కదా సార్ పెట్టుకున్నారు," అన్నాను.

మర్నాటి నుంచి నన్ను నర్సరీకి మార్చాడు. ఏబీసీడీలకు అర్థాలు అడిగే తల్లిదండ్రులు ఉండరని ఆయన ధీమా.