డ్రమ్ములు కొట్టేవాడి అంగీ

కరీంనగర్‌లో ఫ్లెక్సీలు డిజైన్ చేసి బతికేవాణ్ణి నేను. ఎవరి మొహం ఎంత పెద్దగా ఉండాలన్నదే మా పనిలో అసలు పంచాయితీ. లీడరుది గుమ్మడికాయంత, వెంట తిరిగేవాళ్లది నిమ్మకాయంత. కొంచెం తేడా వచ్చినా దుకాణం మీదికి వస్తారు. అందుకే మా ఊరి రాక్ బ్యాండ్ పిల్లలు వచ్చి, ఆదిలాబాద్‌లో తాము వాయించిన లైవ్ షో రికార్డుగా వస్తోందని, దాని అట్టకు ఫొటో కాదు, చేత్తో గీసిన బొమ్మ కావాలని అడిగినప్పుడు ఎగిరి గంతేశాను.

గీయడానికి ఆ రోజు ఫొటోలు ఇచ్చారు. అన్నింట్లోనూ పాడేవాడే. డ్రమ్ములు కొట్టే పిల్లవాడి మొహానికి ప్రతిసారీ డ్రమ్ములకు బిగించిన ఓ ఇత్తడి పళ్లెం అడ్డం. ఒక ఫొటోలో మణికట్టు మాత్రం దొరికింది.

మర్నాడు వాడొక్కడే వచ్చాడు.

"అన్నా, రికార్డంత నా సప్పుడే ఉంటది. ఫొటోలల్ల నేను లేనే లేను. బొమ్మలనన్న నన్ను కనవడనియ్యి" అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. "మా బాపు ఒక్క షోకు గూడ రాలే. చర్చిల డోలక్ కొడితె ఊకుంటడు గని, గిది లొల్లంటడు. గీ అట్ట చూసన్న నాది గూడ ఒక పనే అనాలె."

సరేనని మాటిచ్చాను. ముందు నుంచి గీస్తే మళ్లీ పళ్లెమే అడ్డం వస్తుంది. అందుకని వెనక నుంచి గీశాను. అట్ట నిండా వాడి వీపు, పైకి లేచిన రెండు చేతులు, వాటి మధ్య నుంచి కనిపించే జనం. పాడేవాడు నిమ్మకాయంత. అది గీస్తుంటే భలే సంతోషమేసింది, అబద్ధమెందుకు!

అంగీ మడతలు మాత్రం కుదరలేదు. వాడి అంగీలన్నీ హుజూరాబాద్‌లో టైలరు పని చేసే వాళ్ల బాపే కుడతాడు. ఆయన కుట్టినది చూస్తే అర్థమవుతుందని బస్సెక్కాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మ చూశాడు.

"మొకమేది?"

"వెనుక నుంచి గీసిన కాకా."

"అంగీ తప్పు గీసినవ్. చేతులు లేపితె అంగీ మొత్తం మీదికి గుంజినట్టు వెట్టినవ్. మావోనిది గుంజది."

ఎందుకని అడిగాను. మిషను పక్కన సగం కుట్టిన అంగీ తీసి, లోపలి వైపు తిప్పి చూపించాడు. చంక కింద పలక ఆకారంలో ఓ ముక్క అదనంగా ఉంది.

"గా డబ్బాలు కొట్టుడు షురు చేసినకాడి నుంచి వేస్తున్న. చెయ్యి ఆడాలె గద. వానికి చెప్పకు, చెప్తె ఇంకింత ఎగురుతడు" అంటూ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. చెప్పనని మాటిచ్చి లేచాను.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనని తిరుగు బస్సులో నవ్వుకున్నాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. మా బాపు నా పని గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు, మంచిగానీ చెడ్డగానీ. ఆయన నాకోసం ఎక్కడ ఏ ముక్క వేశాడో ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేడు.

చెప్పనని మాటిచ్చాను. గీయనని మాత్రం అనలేదు.

బొమ్మ పూర్తయ్యాక బ్యాండంతా వచ్చింది. పాడేవాడు తన నిమ్మకాయను చూసుకుని లొల్లి చేశాడు, మిగతావాళ్లు పడీ పడీ నవ్వారు. డ్రమ్ముల పిల్లవాడు మాత్రం బొమ్మ మీదికి వంగి అంగీ మీద వేలు పెట్టాడు.

"అన్నా, చంక కింద గీ ముక్కేంది?"

"ఉన్నదే గీసిన. నీ అంగీ చూసుకో."

వాడు కుడి చెయ్యి లేపి, మెడ వంచి చూసుకున్నాడు. తర్వాత ఎడమ చెయ్యి కూడా లేపాడు. రెండు చేతులూ అలాగే పైకి పెట్టుకుని, బొమ్మలో ఉన్నట్టే, చాలాసేపు నిలబడిపోయాడు.