కొసరు కొత్తిమీర

ముందు చప్పుడు వచ్చేది. గేటు చువ్వల మీద తడి ఆకుకూర కట్టను రెండుసార్లు తట్టిన చప్పుడు. గడప దాకా నీటిచుక్కలు చిందేవి. ఆ తర్వాతే తలమీద గంపతో రాఘవమ్మ కనిపించేది.

జగ్గయ్యపేటలో మా వీధికి ఆమె ఇరవై రెండేళ్లుగా వస్తోంది. కేక వేయదు. పెనుగంచిప్రోలు దారిలో ఒక రైతు మడిలో ఆకుకూరలు కొని, పక్కనున్న కాలువలో మట్టి పోయేదాకా జాడించి, అరటినారతో కట్టలు కట్టి తెచ్చేది. ఆకుల మీద తెల్లవారుజాము ఇంకా ఆరనట్టు ఉండేది. ‘రాఘవమ్మ కట్ట కడగక్కర్లేదు’ అని వీధిలో ఒక మాట. ఆ మాటే ఆమె ఆస్తి. ఏ కూర కొన్నా పైన గుప్పెడు కొత్తిమీర కొసరు వేసేది.

ఈ వానాకాలం, ఎదురింటి కిరాణా వర్తకుల ఇల్లాలు బాలామణి జ్వరంతో పడిపోయింది. టైఫాయిడ్. పేగుకు చిల్లు పడితే విజయవాడలో ఆపరేషన్ చేశారు. అదే వారం వీధిలో మరో ఇద్దరికి వచ్చింది. ఆరోగ్య కేంద్రం ఏఎన్ఎం రోజారమణి ఇంటింటికీ తిరిగి ఏం తిన్నారో రాసుకుంది. చివరికి రాఘవమ్మను మా అరుగు మీద కూర్చోబెట్టింది.

“పెద్దమ్మా, ఆకుకూర ఎక్కడ కడుగుతున్నావు?”

“కాలవలో. నిలవ నీళ్లు కాదమ్మా, పారే నీళ్లే.”

“ఎగువన ఏముంది?”

“రోడ్డుంది. అప్పుడప్పుడు సెప్టిక్ ట్యాంకు లారీ ఆగుద్ది.”

“ఆగి?”

రాఘవమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

“తోటకూర ఉడుకుద్ది, అందులో బాక్టీరియా ఉన్నా చచ్చిపోద్ది. కొత్తిమీర పచ్చిగా రోట్లో పడుద్ది,” అంది రోజారమణి మెల్లగా. “అయినా దానివల్లే అని నేనూ రుజువు చెయ్యలేను. కుళాయి నీళ్లూ బాలేవుగా.”

అమ్మిన కూర పొయ్యి దాటి కంచంలోకి వచ్చింది. ఊరికే పెట్టిన ఆకు నేరుగా నోటికి వెళ్లింది.

రుజువు లేదు. నోరు మూసుకుంటే బేరం నిలిచేది. బాలామణి ఇల్లు చేరిన మర్నాడు రాఘవమ్మ గంప లేకుండా వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.

“అమ్మగారూ, నేను కడిగిన నీళ్లు మంచియ్యి కావేమో.”

“ఎవరో ఏదో అంటే నెత్తినేసుకుంటావా? పిచ్చా నీకు?”

“లారీ కాలవలోకి వదలటం చూశానండి. చూసి కూడా అక్కడే జాడించా. మీరు కడిగారా ఆ కట్ట?”

“నీ కట్ట నేనెప్పుడు కడిగానే?”

“ఇక నుంచి కడగండి.”

అదే మాట గడపగడపకూ చెప్పింది. నాలుగో ఇంటికి చేరేసరికి వార్త ఆమెకన్నా ముందే అక్కడుంది. రిటైరైన గుమస్తా భవానీప్రసాద్ పేపరు దించకుండానే అడిగాడు: “రోగం కూడా కొసరేనా రాఘవమ్మా?”

“కడిగి వండుకోండి బాబుగారూ,” అంది ఆమె. ఆయన పేపరు తిప్పిన చప్పుడయ్యాక కదిలింది.

ఇప్పుడు వేరే మడిలో కొని, జాడించకుండా మట్టితోనే తెస్తోంది. మా వీధిలో మూడిళ్లే మిగిలాయి. నందిగామ బస్సెక్కి కొత్త వీధులు వెతుక్కుంటోంది. అక్కడ మట్టి కట్టలు చూసి జనం మొహం తిప్పుకుంటున్నారు.

మొన్న బస్టాండులో కనిపిస్తే ఒక కొత్తిమీర కట్ట తీసుకున్నాను. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా అన్నాను. ఆమె గంప ఎత్తుకుని బస్సు వైపు రెండడుగులు వేసి, ఆగింది.

“పచ్చిగా నూరబాకండి. కడిగి, వేయించి నూరుకోండి. నేనిచ్చానని నమ్మబాకండి.”