తెగిన వైరు, కుడి రెక్క

దెయ్యాలున్నాయని ఎవరైనా చెబితే, ముందు ఆ ఇంటి వైరింగ్ చూపించమనే మనిషిని నేను. కడపలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసుకుంటాను. తనంతట తాను వెలిగే లైటు, చెయ్యి పెడితే జిల్లుమనే గోడ, ఇలాంటివి చాలా చూశాను. ప్రతిదాని వెనకా ఒక వదులు స్క్రూనో, ఎలుక కొరికిన తీగో ఉండేది. అందుకే ఇది రాయాలంటే నాకే చిన్నతనంగా ఉంది.

మా ఆయన రఘుకు బెంగళూరులో ఆటల హాలు నడిపే స్నేహితుడు ఉండేవాడు. హాలు మూసేసేటప్పుడు అందులోని పాత పిన్‌బాల్ మిషన్‌ను ఈయన మోజుపడి ఇంటికి తెచ్చుకున్నారు. ఏటవాలుగా ఉండే బల్ల, పైన గాజు, కింది కొసన రెండు రెక్కలు. అటూ ఇటూ ఉన్న బటన్లు నొక్కితే ఆ రెక్కలు లేచి, జారిపోయే ఉక్కు గుండును పైకి కొడతాయి. ముందు గదిలో సగం అదే ఆక్రమించింది. దానికి నేను సవతి అని పేరు పెట్టాను.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. బండల ఫ్యాక్టరీలో రాళ్లు కోసిన చెయ్యి అది. కర్నూలులో చూపిస్తే డాక్టరు, "చేతిలో ఏ లోపమూ లేదమ్మా. పైనుంచి కబురు అందడం లేదు, అంతే" అన్నాడు. ఇష్టమైన పని ఏదైనా ఆ చేత్తో చేయిస్తూ ఉండమన్నాడు.

రోజూ మధ్యాహ్నం కుర్చీని మిషన్ దగ్గరికి లాగి, ఆయన చేతిని కుడి బటన్ మీద పెట్టేదాన్ని. ఎడమ చేత్తో ఆయన నొక్కితే ఎడమ రెక్క లేచేది. కుడిది లేచేది కాదు. గుండు కుడివైపు నుంచి జారిపోయేది. ఆయన ముఖం చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఒకరోజు టక్కుమని చప్పుడైంది. కుడి రెక్క లేచి గుండును కొట్టింది.

"సూస్తివా లలితా? నేనే కొడితి!" అన్నారు, ముద్దముద్దగా.

ఇద్దరం ఏడ్చాం. కోడుమూరు నుంచి సాయానికి వచ్చి ఉన్న మా ఆడబిడ్డ, సుబ్బమ్మ వదిన, పరిగెత్తి దేవుడి దగ్గర దీపం పెట్టింది.

మర్నాడు ఆయన చెయ్యి ఒళ్లో ఉండగానే కుడి రెక్క కొట్టుకుంది. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. నేను మాత్రం చూశాను. బాగుపడింది చెయ్యి కాదు, చెడిపోయింది మిషన్ అని అర్థమై నా ప్రాణం ఉసూరుమంది.

ఆయనకు ఎలా చెప్పను? చెప్పకుండా ఊరుకుందామంటే, రెక్కను లేపే కాయిల్ వేడెక్కి ఇల్లే అంటుకోవచ్చు. ఆయన నిద్రపోయాక మూత తీసి కూర్చునేదాన్ని. బటన్ వెనక రేకులు ఒకదానికొకటి తగులుతున్నాయేమోనని ఎడం చేశాను. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైంది. అతుకులన్నీ మళ్లీ టంకం పెట్టాను. అయినా అంతే. ఎండలు ముదిరాక ఎర్త్ మీద అనుమానం వచ్చింది. మా వైపు వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతే కరెంటు నానా వేషాలూ వేస్తుంది. అందుకే చెట్టుకు పోసినట్టు ఆ గుంతకు నీళ్లు పోస్తారు. మా ఇంట్లో అది రఘు పని. ఆయన మంచాన పడ్డాక ఎవరికీ గుర్తే లేదు. దొంగ దొరికాడనుకున్నాను.

బోరు సన్నగా వస్తోంది. వదిన బియ్యం కడిగిన నీళ్లు కూడా తెచ్చి అందులోనే పోసేది. "తాగేకే నీళ్లు ల్యాకుంటే, మిషనుకు దప్పికంట!" అని సణుగుతూనే పోసేది.

గుంత తడిసింది. రెక్క ఆగలేదు. వదిన మిషన్‌కు ఒక నిమ్మకాయ కట్టింది. ఇంకెప్పుడైనా అయితే ఆమెను ఆటపట్టించేదాన్ని. అప్పటికి నాలో ఆ ఓపిక లేదు.

ఒక మధ్యాహ్నం విసిగిపోయి, ప్లగ్గు పీకి, కుడి కాయిల్‌కు వెళ్లే వైరును కత్తిరించేశాను. రెండు కొసలకూ టేపు చుట్టాను. ఇక ఆ రెక్క లేవడానికి వీల్లేదు. వెళ్లి ఆయనకు నిజం చెప్పాను. "ఇన్నాళ్లూ కొట్టింది మీ చెయ్యి కాదండీ, మిషన్‌లోనే లోపం ఉంది."

ఆయన కుర్చీ లాగమని సైగ చేశారు. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, తనే బటన్ మీద పెట్టుకున్నారు. నేను ప్లగ్గు పెట్టి, మిషన్ ఆన్ చేసి గుండు వదిలాను.

గుండు కుడివైపు జారుతూ వచ్చింది. రెక్క లేచి కొట్టింది. మళ్లీ వచ్చింది, మళ్లీ కొట్టింది. ఆయన వేళ్లు కదల్లేదు. నేను మిషన్‌కు ముందున్న చిన్న తలుపు తెరిచి టార్చి వేసి చూశాను. తెగిన కొసలు తెగినట్టే, టేపుతో సహా వేలాడుతున్నాయి. వదిన కూడా వంగి చూసింది.

"చెప్తి గదా," అన్నారాయన. "నేనే కొడతాండా."

ఆ వారంలోనే ఆయనకు మళ్లీ స్ట్రోకు వచ్చింది. కర్నూలుకు తీసుకుపోతుంటే నంద్యాల చేరకముందే పోయారు.

దినాలు అయ్యాక ఆ వైరును మళ్లీ కలిపాను. ఆయన వాడినప్పుడు ఎలా ఉండేదో అలా ఉండాలనిపించింది. బటన్ నొక్కాను. కుడి రెక్క లేవలేదు. మీటరు పెట్టి చూస్తే కాయిల్ దాకా కరెంటు వస్తోంది. ఆ కాయిల్‌నే తీసి ఎడమవైపు బిగిస్తే చక్కగా కొడుతోంది. ఎడమది తెచ్చి కుడివైపు పెడితే కదలదు. వేలితో ఎత్తితే రెక్క తేలిగ్గానే లేస్తుంది, ఎక్కడా పట్టు లేదు. మా కాలేజీ లెక్చరరు ఒకాయన వచ్చి, సాయంత్రం దాకా కుస్తీ పట్టి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. నమ్మగలిగితే ఆయన ఇక్కడే ఎక్కడో ఉన్నారనుకుని బతికేదాన్ని. నాకు ఆ దిక్కు కూడా లేదు. పొద్దున్నే ఎర్త్ గుంతకు నీళ్లు పోస్తాను. మధ్యాహ్నం గుండు వదిలి రెండు బటన్లూ నొక్కుతాను. గుండు కుడివైపు నుంచి జారిపోతుంది.

మిషన్‌లో ఏ లోపమూ లేదు. కబురు అందుతూనే ఉంది. రెక్క లేవదు. ఎందుకో నాకు తెలియదు.