రాజేశం కొనని జాగ

రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. కరీంనగర్ బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల దుకాణం పైన నా ఆఫీసు. రిటర్నులు వేయడం, ఆదాయపు పన్ను నోటీసులకు జవాబులు రాయడం నా పని. పెద్ద వ్యాపారుల కేసులు కూడా చాలానే చూశాను. అయినా మరిచిపోలేని కేసు ఏదని ఎవరైనా అడిగితే నాకు రాజేశమే గుర్తొస్తాడు.

ఆ రోజు సగం తడిసి వచ్చాడు. నోటీసు మాత్రం పాలిథిన్ కవర్‌లో భద్రంగా ఉంది. యాభై దాటిన మనిషి. తమ్ముడు లక్ష్మీరాజంతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా వైపు సాంచాలంటాం. ఇంటి జమాఖర్చులన్నీ పెద్దవాడిగా రాజేశమే చూసేవాడు.

'పెద్దపల్లిలో మీరు ఇంటి స్థలం కొన్నట్టు మాకు సమాచారం ఉంది. రిటర్ను వేయలేదు. డబ్బు ఎక్కడిది? మీ కేసు ఎందుకు తెరవకూడదో చెప్పండి' అని నోటీసు సారాంశం. దీన్ని 148ఏ నోటీసు అంటారు. పాత సంవత్సరం లెక్క తిరిగి తెరిచే ముందు సంజాయిషీ అడగడం అన్నమాట. ఇంకా ఎవరూ పన్ను వేయలేదు.

ఆ మాటే చెప్పి ధైర్యంగా ఉండమన్నాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

"సర్కారుకు మీరేం రాస్తరో రాయున్రి మేడం. నాకైతే మా తమ్మునికి చూపెట్టెతందుకు ఒక కాయితం గావాలె."

విషయం మెల్లగా బయటికొచ్చింది. పోస్టులో వచ్చిన నోటీసు ముందు లక్ష్మీరాజం చేతిలో పడింది. ఇంగ్లిషు రాక జిరాక్స్ షాపులో చదివించుకున్నాడు. అంతకుముందు ఏడాదే అతని భార్యకు ఆపరేషన్ అయింది. అప్పుడు అన్న చేతిలో పైసలు లేవనడంతో ఆమె మెడలో గొలుసు కుదువపెట్టారు. నోటీసు విన్నాక ఇంటికొచ్చి అన్నను ఒక్కటే అడిగాడట: "ఆపరేషన్‌కు లేవంటివి. జాగకు ఎక్కడియి?"

ఆ పూటే పొయ్యి వేరైంది. ఒకే ఇంట్లో రెండు వంటలు.

"పెద్దపల్లిల దిగి నేను చాయ్ గూడ తాగలే మేడం ఎన్నడు," అన్నాడు రాజేశం. "ఒట్టేసి చెప్పిన. కాయితం అబద్ధమాడుతదా అన్నడు."

ముందు ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఆయన పేరున ఖాతా తెరవాలి. అందుకు ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎవరిదని అడిగితే తల దించుకున్నాడు. తమ్ముడిదేనట. ఇంట్లో మొదట ఫోన్ కొన్నది అతనే కాబట్టి అందరి ఆధార్‌కూ అదే నంబరు ఇచ్చారు.

నేనే లక్ష్మీరాజానికి ఫోన్ చేసి, నా పేరు, పని చెప్పి, సంగతి వివరించాను. అతను ఒక షరతు పెట్టాడు.

"ఓటీపీ చెప్త. గాని అండ్ల ఏమున్నదో నాకు గూడ చెప్పాలె. దాచొద్దు."

"ఉన్నదున్నట్టు చెప్తాను," అన్నాను.

అంకెలు చదివాడు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "ఆయన షుగర్ గోలి ఏసుకున్నడా?" అని అడిగాడు. ఈ ఇల్లు మళ్లీ ఒక్కటవుతుందని నాకు అప్పుడే ఆశ పుట్టింది.

పోర్టల్‌లో ఏఐఎస్ అని ఒక పట్టిక ఉంటుంది. మన పాన్ నంబరు మీద బ్యాంకులు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు పంపిన వివరాలన్నీ అందులో కనిపిస్తాయి. స్థలం దస్తావేజు నంబరు అక్కడే దొరికింది. దాని సర్టిఫైడ్ కాపీ తెప్పిస్తే, కొన్నది షాహీన్ బేగం అని ఉంది. ఆమె పాన్ టైపు చేసేటప్పుడు ఎం పడాల్సిన చోట ఎన్ పడింది. అలా మారిన నంబరు రాజేశానిది అయింది.

స్థలం తనదేనని ఆమె అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం ఇస్తే మా జవాబుకు తిరుగుండదు. పెద్దపల్లి వెళ్లి కలిశాను. భర్త పోయాక ఆడవాళ్ల బట్టల కుట్టుషాపు నడుపుకుంటున్న పెద్దావిడ. అన్నదమ్ముల గొడవతో సహా నేను ఏదీ దాచలేదు. సంతకం పెడితే రేపు ఆమెనూ ప్రశ్నలు అడగవచ్చని, పెట్టకపోతే బలవంతం చేసే హక్కు మాకు లేదని చెప్పాను.

ఆమె కత్తెర పక్కన పెట్టి ఆలోచించింది. భయం కనబడుతూనే ఉంది.

"మా ఆయన పోయినంక వచ్చిన పైసలతోని కొన్న, బేటీ. అడిగితే చెప్త, దొంగతనం చేసిన్నా?" అని, తర్వాత, "ఆ అన్నదమ్ములు ఇప్పుడు మాట్లాడుకుంటున్నరా?" అని అడిగింది.

లేదన్నాను.

"అయితే నేను గూడ వస్త. కాయితం చూసే గద ఆ తమ్ముడు పరేషాన్ అయ్యిండు. ఇంకో కాయితం చూపెడితే ఏం నమ్ముతడు? మనిషిని చూస్తె నమ్ముతడు."

అఫిడవిట్ నోటరీ చేయించి పోర్టల్‌లో జవాబు వేసిన మర్నాడు, ఆమె నిజంగానే షాపు మూసి బస్సెక్కింది. కరీంనగర్‌లో దిగితే నేను తోడు వెళ్లాను. రాజేశం ఇంటి ముందు అన్నదమ్ములు చెరోవైపు నిలబడి ఉన్నారు. ఆమె కూర్చోనైనా కూర్చోలేదు.

"లక్ష్మీరాజం అంటె నువ్వేనా బిడ్డా? ఆ జాగ నాది. మీ అన్నను నేను ఇయ్యాల్నే మొదటిసారి చూస్తున్న."

ఒరిజినల్ దస్తావేజు తీసి, మీద అంటించిన తన ఫోటో చూపించింది. లక్ష్మీరాజం ఫోటోను చూశాడు, ఆమెను చూశాడు. తర్వాత అన్న వైపు తిరిగాడు.

"నిన్ను అడుగుడు ఇడిసిపెట్టి కాయితాన్ని అడిగిన అన్నా," అన్నాడు.

రాజేశం తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. "నేను గూడ గంతే. ఆపరేషన్ అప్పుడు పైసలు ఎందుకు లేవో నీకు సరింగ చెప్పకపోతి. నూలు బాకీ కట్టిన. నువ్వు ఫికర్ జేస్తవని చెప్పలే."

లోపల్నుంచి తమ్ముడి భార్య వచ్చి షాహీన్ బేగం చేయి పట్టుకుని తీసుకెళ్లింది. ఆ పూట అందరం ఒక్కచోటే తిన్నాం.

కొన్నాళ్లకు ఆర్డర్ వచ్చింది, కేసు తెరవాల్సిన అవసరం లేదని. చెప్పడానికి రాజేశానికి ఫోన్ చేస్తే లక్ష్మీరాజమే ఎత్తాడు. "అన్నా, మేడం!" అని కేక వేసి ఫోన్ ఆయనకిచ్చాడు. షాహీన్ బేగాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తన పాన్ తప్పును సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆమే సరిచేయించుకుంది.

నోటీసుకు జవాబు రాయడం నాకు చదువు నేర్పింది. ఆ జవాబు ముందు ఎవరికి చేరాలో చూడడం రాజేశం నేర్పాడు. ఇప్పుడు ఎవరు నోటీసు తెచ్చినా, గడువు ఎప్పటివరకు ఉందో చూసుకున్నాక, "ఇంట్లో ఎవరికైనా దీనితో అనుమానం కలిగిందా?" అని అడుగుతాను. కలిగిందంటే, ఆ మనిషిని కూడా తీసుకురమ్మంటాను. అంతకుమించి నేను చేయగలిగింది తక్కువే. ఆ ఇంటిని నిలబెట్టింది నా జవాబు కాదు. ఏ అవసరమూ లేకపోయినా షాపు మూసుకుని వచ్చిన ఒక తల్లి. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.